ఈజెన్‌హైమ్ బలిపీఠ చిత్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాథియాస్ గ్రూనెవాల్డ్ గీసిన ఈ సిలువ చిత్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది ఉలిక్కిపడతారు. యేసు ఒళ్ళంతా ముళ్ళు, పుండ్లు. చర్మం పచ్చబారిపోయింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. "దేవుణ్ణి ఇలా ఎందుకు గీశారు?" అన్న ప్రశ్న దగ్గరే అందరి ఆలోచనా మొదలవుతుంది. దానికి జవాబు చిత్రం లోపల కన్నా, ఆ చిత్రం ముందు ఒకప్పుడు ఎవరు నిలబడ్డారన్న దాంట్లో ఎక్కువగా ఉంది. కింది జవాబులన్నీ ఆ మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ఇది ఒక్క చిత్రమా, చాలా చిత్రాలా? ఇప్పుడు ఎక్కడుంది?

చాలా చిత్రాలు. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టే పెద్ద చెక్క నిర్మాణం ఇది. బీరువా తలుపుల్లా దీనికి రెండు జతల రెక్కలుంటాయి. అన్నీ మూసి ఉంటే సిలువ దృశ్యం కనిపిస్తుంది. మొదటి జత తెరిస్తే యేసు పుట్టుక, పునరుత్థానం (చనిపోయి తిరిగి లేవడం). రెండో జత కూడా తెరిస్తే లోపల బంగారు పూత వేసిన చెక్క శిల్పాలు, వాటికి అటూ ఇటూ మరో రెండు చిత్రాలు. శిల్పాలు చెక్కింది గ్రూనెవాల్డ్ కాదు, హాగెనావుకు చెందిన నిక్లాస్ అనే శిల్పి. అవి ముందే ఉన్నాయి. గ్రూనెవాల్డ్ 1512 నుంచి 1516 మధ్యలో చెక్క పలకల మీద చిత్రాలు గీశాడు.

ఈజెన్‌హైమ్ అనేది ఆల్సేస్ ప్రాంతంలోని చిన్న ఊరు. ఆ ప్రాంతం ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1792లో, చిత్రాన్ని అక్కడి మఠం నుంచి దగ్గర్లోని కోల్‌మార్ పట్టణానికి తరలించారు. 19వ శతాబ్దం మధ్య నుంచి అది అక్కడి ఊంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం కూడా ఒకప్పటి సన్యాసినుల మఠమే.

గ్రూనెవాల్డ్ ఎవరు?

జర్మన్ చిత్రకారుడు, 1528లో హాలే పట్టణంలో చనిపోయాడు. అసలు పేరు మాథిస్ గోథార్ట్ నిథార్ట్ అని చరిత్రకారులు తేల్చారు. "గ్రూనెవాల్డ్" అన్నది 17వ శతాబ్దంలో ఒక రచయిత పొరపాటున తగిలించిన పేరు, అదే స్థిరపడిపోయింది. అతను గీసినవి కొద్దిగానే మిగిలాయి. వాటిలో ఇంత పెద్దది, ఇంత లోతైనది మరొకటి లేదు.

దీన్ని ఎవరి కోసం గీశారు?

రోగుల కోసం. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా సంకేతాలు వాటంతట అవే విడిపోతాయి.

ఈజెన్‌హైమ్‌లో ఉన్నది ఆంటోనైన్ సన్యాసుల మఠం. 11వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లోని దోఫినే ప్రాంతంలో మొదలైన సంఘం వాళ్ళది. ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన పునీత అంతోని పేరు పెట్టుకున్నారు. "అంతోని అగ్ని" అనే భయంకరమైన జబ్బు వచ్చినవాళ్ళకు సేవ చేయడం వాళ్ళ ప్రధానమైన పని. మఠానికి ఆసుపత్రి ఉండేది. కొత్తగా వచ్చిన రోగిని వైద్యం మొదలుపెట్టే ముందు బలిపీఠం దగ్గరికి తీసుకెళ్ళేవారని చరిత్రకారులు చెబుతారు. చిత్రం చేయించింది అప్పటి మఠాధిపతి గీడో గ్వెర్సి. ఆయన ఇటలీ నుంచి వచ్చినవాడు.

నడవలేక, కాలో చెయ్యో నల్లబడిపోయి, మంటతో అల్లాడుతూ వచ్చిన మనిషిని ఒకసారి ఊహించుకోండి. అతనికి మొదట కనిపించేది 2.7 మీటర్ల ఎత్తు, 3 మీటర్లకు పైగా వెడల్పు ఉన్న ఈ సిలువ దృశ్యం.

"అంతోని అగ్ని" అంటే ఏం జబ్బు?

యూరప్‌లో పేదవాళ్ళ రొట్టె రై అనే ధాన్యంతో చేసేవారు. తడి, చలి ఎక్కువైన సంవత్సరాల్లో రై కంకులకు ఎర్గాట్ అనే శిలీంధ్రం పట్టేది. గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ములాంటిది తయారయ్యేది. దాన్ని ఏరకుండా గింజలతో పాటు పిండి పట్టిస్తే రొట్టెలోకి విషం వచ్చేది. ఆ విషం రక్తనాళాల్ని బిగించేస్తుంది. కాళ్ళకు, చేతులకు రక్తం అందక మొదట నిప్పుల్లో పెట్టినంత మంట, తరవాత కుళ్ళు. చివరికి ఆ భాగం ఊడిపోవచ్చు, లేదా కోసేయాలి. కొందరికి మూర్ఛలు, భ్రమలు కూడా వచ్చేవి.

అప్పట్లో కారణం ఎవరికీ తెలియదు. రై గింజకూ జబ్బుకూ ఉన్న సంబంధం బయటపడింది 17వ శతాబ్దంలో. కానీ మఠంలో చేరినవాళ్ళకు కొంత మేలు జరిగేది. అక్కడ మంచి రొట్టె పెట్టేవారు, పంది కొవ్వుతో మూలికల లేపనం రాసేవారు, అంతోని అస్థికల మీదుగా పోసిన ద్రాక్షారసం తాగించేవారు. నా ఉద్దేశంలో ఆ మంచి రొట్టే అన్నిటికన్నా పెద్ద మందు.

మన రైతులకు ఎర్గాట్ కొత్తేమీ కాదు. సజ్జకు వచ్చే తేనెబంక తెగులు ఈ కుటుంబానికి చెందిన శిలీంధ్రం వల్లే వస్తుంది. విత్తనాన్ని ఉప్పునీళ్ళలో వేసి పైకి తేలినవి తీసేయమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది అందుకే. ఎర్గాట్ నుంచి వచ్చిన మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షన్‌ను కాన్పు తరవాత రక్తస్రావం ఆపడానికి వాడతారు. గర్భసంచినీ రక్తనాళాల్నీ బిగించే ఆ గుణమే అక్కడ తల్లి ప్రాణం కాపాడుతుంది.

యేసు ఒంటి మీద ఉన్నవి ఆ జబ్బు పుండ్లేనా?

చాలాచోట్ల అలా రాస్తారు. నేను అంత దూరం వెళ్ళను. దగ్గరగా చూస్తే ఆ గాయాల్లో ముళ్ళ ముక్కలు ఇరుక్కుని కనిపిస్తాయి. కొరడా దెబ్బలు, ముళ్ళ కంపతో కొట్టిన గాయాలు అవి. బైబిల్లో యేసు జీవితం చెప్పే సువార్తల్లో ఉన్న హింసనే చిత్రకారుడు ఒళ్ళంతా పరిచాడు. జబ్బును నేరుగా గీసిన చోటు వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

అయితే రోగికి ఈ తేడాతో పని లేదు. తన ఒంట్లోని మంట, తన వేళ్ళ వంకర, తన చర్మపు రంగు ఎదురుగా సిలువ మీద కనిపిస్తున్నాయి. అరచేతుల్లో మేకులు దిగాయి, వేళ్ళు పది దిక్కులకూ విచ్చుకుని బిగుసుకుపోయాయి. చెక్కడమైనా సరిగ్గా చెక్కని సిలువ అడ్డదూలం ఆ బరువుకు విల్లులా వంగిపోయింది. అదే కాలంలో ఇటలీ చిత్రకారులు సిలువ మీద కూడా యేసును అందమైన శరీరంతో చూపించేవారు. గ్రూనెవాల్డ్ ఆ అందాన్ని పక్కన పెట్టేశాడు. దేవుడు మనిషి బాధలోకి దిగివచ్చాడన్న క్రైస్తవ నమ్మకాన్ని ఇంత సూటిగా చెప్పిన చిత్రం నాకు మరొకటి కనపడలేదు.

బాప్తిస్మమిచ్చు యోహాను అప్పటికే చనిపోయాడు కదా, సిలువ దగ్గర ఎలా ఉన్నాడు?

అవును. హేరోదు రాజు అతని తల నరికించింది యేసు సిలువ మరణానికి ముందే. గ్రూనెవాల్డ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. యోహాను ఇక్కడ జరుగుతున్నదాన్ని చూడటానికి వచ్చినవాడు కాదు, దాని అర్థం చెప్పడానికి నిలబడ్డ ప్రవక్త. ఒక చేతిలో తెరిచిన గ్రంథం. రెండో చేతి చూపుడువేలు, మామూలు కన్నా పొడుగ్గా గీసిన ఆ వేలు, సిలువ వైపు చూపిస్తుంది. మోచేతి పైన ఎర్రటి లాటిన్ అక్షరాలు. అవి యోహాను సువార్త 3వ అధ్యాయం 30వ వచనం. మన తెలుగు బైబిల్లో అది "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అని ఉంటుంది.

సిలువకు రెండో వైపు యేసు తల్లి మరియ స్పృహ తప్పుతోంది, యేసు ప్రియ శిష్యుడైన మరో యోహాను ఆమెను పట్టుకున్నాడు, మగ్దలేనే మరియ మోకాళ్ళ మీద చేతులు నలుపుకుంటోంది. అటు అంతా ఏడుపు. ఇటు బాప్తిస్మమిచ్చు యోహాను ఒక్కడే ఏడవకుండా నిలబడ్డాడు. రోగికి రెండూ కావాలి. తనతో పాటు ఏడ్చేవాళ్ళు కావాలి, ఈ బాధకు ఒక అర్థం ఉందని చెప్పేవాడూ కావాలి.

యోహాను కాళ్ళ దగ్గర గొర్రెపిల్ల ఏమిటి?

"ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అని యేసును చూసి చెప్పింది ఈ యోహానే. చిత్రంలో గొర్రెపిల్ల ఒక చిన్న సిలువను పట్టుకుని ఉంది, దాని రొమ్ము నుంచి రక్తం పాత్రలోకి కారుతోంది. ఆ పాత్ర ప్రభు భోజనంలో ద్రాక్షారసానికి వాడేది. ఈ చిత్రం సరిగ్గా బలిపీఠం పైన ఉండేదని గుర్తు పెట్టుకోండి. పూజ చేసే గురువు కింద పాత్ర పైకెత్తినప్పుడు, వెనక చిత్రంలో గొర్రెపిల్ల పాత్ర కూడా కనిపించేది.

మనుషులు ఒక్కొక్కరు ఒక్కో సైజులో ఎందుకున్నారు?

యేసు అందరికన్నా పెద్దగా, మగ్దలేనే మరియ మరీ చిన్నగా ఉంటారు. దూరం దగ్గర లెక్కలు గ్రూనెవాల్డ్‌కు రాక కాదు, పక్క పలకల్లో ఆ నేర్పు కనిపిస్తుంది. ఎవరు ఎంత ముఖ్యమో అంత పెద్దగా గీసే పాత మధ్యయుగపు పద్ధతిని ఇక్కడ కావాలనే వాడాడు. "నేను తగ్గవలసియున్నది" అన్న మాటకు ఇది కూడా సరిపోతుంది.

వెనక అంత చీకటి ఎందుకు?

మధ్యాహ్నం నుంచి మూడు గంటల దాకా దేశమంతా చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి.

పక్క రెక్కల మీద ఉన్న ఇద్దరు ఎవరు? ఆ అంతోని మన చర్చిల్లో ఉండే అంతోనివారేనా?

ఒకరు పునీత సెబాస్టియన్, ఒంటి నిండా బాణాలు. ప్లేగు వచ్చినప్పుడు జనం ఆయన్ను వేడుకునేవారు. రెండోవారు పునీత అంతోని. ఆయన చేతిలో టీ అక్షరం ఆకారంలో ఉన్న కర్ర ఆంటోనైన్ సన్యాసుల గుర్తు, వాళ్ళ అంగీల మీద కూడా అదే ఉండేది. ఆయన వెనక కిటికీ అద్దాలు పగలగొట్టుకుని ఒక దయ్యం లోపలికి చూస్తోంది. ఆయన మాత్రం చలించలేదు.

తెలుగు కథోలికులు ఇక్కడ తికమక పడటం సహజం. మన ఊళ్ళల్లో గుళ్ళు కట్టి, జూన్ 13న పండగ చేసేది పాదువాపురి అంతోనివారికి. చేతుల్లో బాలయేసు ఉండే ఆయన 13వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఈ చిత్రంలో ఉన్నది ఆయనకు దాదాపు 900 ఏళ్ళ ముందు ఈజిప్టులో జీవించిన అంతోని. ఈయన పండగ జనవరి 17.

రెక్కలు తెరిస్తే ఏం కనిపిస్తుంది?

రంగులు! అప్పటిదాకా ఉన్న చీకటి పోయి ఎరుపు, పసుపు, బంగారం, గులాబీ రంగు వెలుగు. పెద్ద పండగల్లో మాత్రమే ఇలా తెరిచేవారు.

మొదటి పలకలో గబ్రియేలు దూత మరియకు శుభవార్త చెబుతున్నాడు. ఆమె ముందున్న పుస్తకంలో యెషయా ప్రవచనం, "కన్యక గర్భవతియై కుమారుని కని" అన్న మాటలు. యెషయా కూడా పైన ఒక మూల నుంచి చూస్తుంటాడు. మధ్యలో దేవదూతల కచేరీ, పక్కనే బిడ్డను ఎత్తుకున్న మరియ. ఆ తోటకు గోడ, మూసిన తలుపు. మధ్యయుగపు చిత్రాల్లో మూసిన తోట కన్యత్వానికి గుర్తు. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన వివరం ఒకటుంది. తల్లి పక్కన స్నానపు తొట్టె, పిల్లల మంచం, మూత్రపు కుండ కూడా ఉన్నాయి. దేవుని కుమారుడు నిజంగానే ఒక పసిబిడ్డ అని ఇంతకన్నా మామూలుగా ఎలా చెబుతారు? ఆసుపత్రిలో పడుకున్న మనిషికి ఆ కుండ ఎంత దగ్గరి వస్తువో చెప్పక్కర్లేదు.

బిడ్డకు చుట్టిన గుడ్డ చిరిగిపోయి ఉంది. మూసిన రెక్కల మీద సిలువపై యేసు నడుముకు ఉన్నదీ అలాంటి చిరిగిన గుడ్డే. పుట్టుకలోనే మరణాన్ని చూపించే పద్ధతి ఇది.

దూతల గుంపులో ఒళ్ళంతా ఈకలతో, ఆకుపచ్చ ఛాయలో ఒక వింత ఆకారం ఉంటుంది. అది దేవుని మీద తిరగబడ్డ దూత లూసిఫర్ అని కొందరు పండితులు అంటారు. అందరూ ఒప్పుకోరు.

పునరుత్థాన చిత్రం గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

సమాధి నుంచి లేచిన యేసు గాల్లో నిలబడ్డాడు. వెనక సూర్యుడంత పెద్ద కాంతి వలయం, మధ్యలో పసుపు, అంచుల్లో ఎరుపు, ఆపైన నీలం, ఆ చుట్టూ నక్షత్రాల రాత్రి. ముఖం వెలుగులో కరిగిపోతోంది. కాపలా సైనికులు తలకిందులై పడిపోతున్నారు.

చర్మం చూడండి. ఒక్క పుండు లేదు, ఒక్క ముల్లు లేదు. పచ్చబారిన ఒళ్ళు పాలలా తెల్లబడింది. అరచేతుల్లో మేకుల గాయాలు మాత్రం ఉన్నాయి, అవీ మెరుస్తున్నాయి. ఆ శరీరం బాగుపడింది. ఏళ్ళ తరబడి కుళ్ళుతున్న కాలితో బతికినవాడికి పునరుత్థానం అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఈ పలక ముందే అర్థమవుతుంది. గాయాలు పూర్తిగా మాయం కాలేదన్నది కూడా ముఖ్యమే. కాలు పోగొట్టుకున్నవాడికి, ఆ గుర్తు మిగిలి ఉన్నా వెలుగు రావచ్చని అది చెబుతుంది.

రోగిని నేరుగా గీసిన చోటు ఏది?

లోపలి అరలో. శిల్పాల మధ్యలో అంతోని సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, పక్కన పునీత అగస్టీన్, పునీత జెరోమ్. ఈ అర తెరిచేది అంతోని పండగ రోజునే అని చెబుతారు. దానికి ఒక వైపు పలకలో దయ్యాలు అంతోనిని నేల మీద పడేసి కొడుతున్నాయి, జుట్టు పట్టి లాగుతున్నాయి. ఎడమ వైపు కింద మూలలో ఒక ఆకారం. కడుపు ఉబ్బింది, ఒళ్ళంతా కురుపులు, ఒక చెయ్యి మొండిగా మిగిలింది. ఆసుపత్రిలో చూసిన మనిషిని చూసినట్టే గీశాడనిపిస్తుంది.

కుడి వైపు కింద మొద్దు మీద ఒక కాగితం గీసి ఉంది. దాని మీద అంతోని మొర లాటిన్‌లో: "మంచి యేసూ, ఎక్కడున్నావు? ఎక్కడున్నావు? నా గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదు?" ఒక మఠం తన ప్రార్థనా స్థలంలో ఈ ప్రశ్నను అలాగే ఉంచిందంటే, రోగుల నిరాశను తప్పుగా చూడలేదన్నమాట. పైన ఆకాశంలో వెలుగు మధ్య దేవుడు ఉన్నాడు. కింద పడ్డ అంతోనికి మాత్రం ఇంకా కనిపించడం లేదు.

రెండో పలకలో అంతోని, పౌలు అనే మరో ఎడారి సన్యాసి మాట్లాడుకుంటున్నారు. పౌలుకు రోజూ ఒక కాకి రొట్టె తెచ్చేదని, అంతోని వచ్చిన రోజు రెట్టింపు తెచ్చిందని కథ. వాళ్ళ కాళ్ళ దగ్గర ఔషధ మొక్కల్ని గుర్తుపట్టగలిగేంత వివరంగా గీశాడు, వాటితోనే మఠంలో లేపనాలు చేసేవారు. రొట్టె వల్లే జబ్బు వచ్చిందని తెలియని రోగులకు, దేవుడు పంపిన మంచి రొట్టె ఈ చిత్రంలో కనిపించేది. కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ పలకను నేను వేరేలా చూడలేను.

రెక్కలు తెరిస్తే యేసు చెయ్యి తెగినట్టు కనిపిస్తుందంటారు, నిజమేనా?

సిలువను సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు గీశాడు. అందుకే రెక్కలు కలిసే గీత శరీరం మీద కాకుండా ఒక చేతి మీదుగా పోతుంది. తెరిచినప్పుడు ఆ చెయ్యి శరీరం నుంచి విడిపోతుంది. సిలువ పలక కింద, యేసును సమాధి చేసే దృశ్యంలో కూడా పలకలు జరిపితే కాళ్ళు విడిపోతాయి. అవయవాలు కోయించుకున్న రోగుల కోసమే ఇలా చేశాడని కొందరు పండితుల అభిప్రాయం. ముఖం మీద గీత పడకూడదన్న మామూలు కారణం కూడా ఉండవచ్చు. ఏదైనా, కాలు లేని రోగి అది గమనించకుండా ఉండడు.

ఇది రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) చిత్రమేనా? చూడటానికి అలా లేదే?

కాలాన్ని బట్టి అవును. రోమ్‌లో మైఖెలాంజెలో సిస్టీన్ చాపెల్ పైకప్పు పూర్తి చేసిన 1512లోనే ఇది మొదలైంది. క్రైస్తవ చర్చిలో లూథర్ సంస్కరణ ఉద్యమానికి ముందు ఏడాది ముగిసింది. రినైసాన్స్ అంటే ఇటలీ ఒక్కటే కాదు. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న చిత్రకారులు గ్రీకు శిల్పాల అందం కన్నా వస్తువుల్ని ఉన్నదున్నట్టు చూడటం మీద, భక్తిలోని తీవ్రత మీద ఎక్కువ మనసు పెట్టారు.

పిల్లలకు చూపించవచ్చా? సండే స్కూల్లో వాడొచ్చా?

మరీ చిన్నపిల్లలకు సిలువ పలక చూపించకండి, భయపడతారు. పుట్టుక పలకతో మొదలుపెట్టండి, తొట్టె, మంచం వెతకమనండి. దూతలు వాయించే వాద్యాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. పదేళ్ళు దాటినవాళ్ళకు సిలువ, పునరుత్థానం పలకలు పక్కపక్కన పెట్టి, రెండు చోట్లా చేతులు చూడమంటే చాలు.

నేను క్రైస్తవుణ్ణి కాను. నాకు ఇందులో ఏముంది?

నమ్మకం లేకపోయినా, ఒక సమాజం తన రోగులతో ఎలా మాట్లాడిందో ఇక్కడ చూడొచ్చు. మందు లేని జబ్బు, అసహ్యించుకునే శరీరాలు. వాళ్ళను ఊరవతల పెట్టకుండా చేరదీసి, వాళ్ళ ముందు తమ దేవుణ్ణే అదే స్థితిలో నిలబెట్టారు. సంకేతాలు తెలియకపోయినా ఆ పని అర్థమవుతుంది.

చిత్రం ఇప్పుడు ఎలా ఉంది? చూడాలంటే ఎలా?

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మ్యూనిక్‌కు తీసుకెళ్ళారు, 1919లో తిరిగొచ్చింది. 2011లో మొదలుపెట్టిన శుభ్రపరిచే పని విమర్శలతో ఆగిపోయింది. 2018 నుంచి 2022 దాకా నిపుణుల బృందం మళ్ళీ జాగ్రత్తగా పూర్తి చేసింది. పసుపెక్కిన పాత వార్నిష్ పొరలు తీసేశాక రంగులు చాలా తేటపడ్డాయి. అందుకే ఇంటర్నెట్‌లో ఫొటోలు వెతికేటప్పుడు 2022 తరవాతివి చూడండి.

స్ట్రాస్‌బర్గ్ నుంచి కోల్‌మార్‌కు రైల్లో సుమారు అరగంట ప్రయాణం. మ్యూజియంలో పలకల్ని విడదీసి వేర్వేరుగా నిలబెట్టారు, చుట్టూ తిరిగి అన్నీ ఒకేసారి చూడొచ్చు. దానివల్ల ఒక నష్టం కూడా ఉంది. ఏది మూసి ఉండేది, ఏది ఎప్పుడు తెరుచుకునేది అన్నది తెలియదు. రెక్కలు ఎలా తెరుచుకునేవో చూపించే చిన్న నమూనాలు అక్కడే ఉంటాయి, ముందు వాటి దగ్గరికి వెళ్ళండి. తరవాత సిలువ పలక ముందు కాసేపు ఉండి, అప్పుడే వెనక ఉన్న పునరుత్థానం పలక వైపు వెళ్ళండి. ఇంట్లో ఫోన్‌లో చూసేవాళ్ళు కూడా ఇదే వరస పాటించండి.